‘విండో’ మాట పుట్టుపూర్వోత్తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విండో సమాసపదమా? అందులో రెండు మాటలు కనిపించడం లేదే?

సమాసమే. పాత నార్స్ భాషలో దీని రూపం విండౌగ. విండ్‌ర్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. రెండూ కలిపితే ‘గాలికన్ను’. మన వ్యాకరణం ప్రకారం విగ్రహవాక్యం చెప్పాలంటే గాలి యొక్క కన్ను, షష్ఠీ తత్పురుషం. పాత నార్స్ అంటే వైకింగుల (ఉత్తర యూరప్ ఓడయోధుల) కాలంలో డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్‌లలో మాట్లాడిన భాష.

ఇంగ్లీషు మాట్లాడేవారికి ఇందులో విండ్ అన్న ముక్క ఇప్పటికీ వినిపిస్తుంది. కన్ను మాత్రం పూర్తిగా చెరిగిపోయింది. తెలుగులోనూ ఇలాంటివి ఉన్నాయి. ‘వెన్నెల’ అన్నప్పుడు నెల అంటే చంద్రుడని కాస్త ఆలోచిస్తే తడుతుంది. మొదట్లో ఉన్న ‘వెలి’ (తెలుపు) మాత్రం ఎవరో విడదీసి చెబితే తప్ప తోచదు.

గాలికి కన్నేమిటి? కిటికీకి ఆ పేరు ఎందుకు పెట్టారు?

ఆ పేరు పెట్టినవారి ఇళ్లు చూస్తే అర్థమవుతుంది. కర్ర, మట్టిగడ్డలతో కట్టిన పొడవాటి ఇల్లు. నడిమింట నేలమీద పొయ్యి. ఆ పొగ పోవడానికి, కాస్త వెలుగు రావడానికి కప్పులోనో గోడ పైభాగంలోనో ఒక రంధ్రం. చలిదేశం కాబట్టి రంధ్రం చిన్నది. గాజు లేదు. మూయాల్సి వస్తే చెక్కపలక అడ్డం పెట్టేవారు, లేదా పశువుల పొట్టలోని పల్చటి పొరను చట్రానికి బిగించి కప్పేవారు. ఆ పొరలోంచి మసక వెలుగు వస్తుంది గాని బయట ఏముందో కనబడదు. కాబట్టి ఇది మనం చూడటానికి పెట్టుకున్న కన్ను కాదు. ఇంటికున్న చిన్న గుండ్రటి రంధ్రం, గాలి చొరబడే చోటు.

కన్ను అనే మాటకు ‘రంధ్రం’ అనే అర్థం రావడం కొత్త కాదు. తెలుగులో వలకు కన్నులుంటాయి, కొబ్బరికాయకు మూడు కళ్లుంటాయి. ఇంగ్లీషులో సూదికి కన్ను ఉంది. మనం దాన్ని బెజ్జం అంటాం.

ఇంగ్లీషువాళ్లకు సొంత మాట లేదా? వైకింగుల నుంచి ఎందుకు తీసుకున్నారు?

ఉంది, ఒకటి కాదు రెండు. పాత ఇంగ్లీషులో కిటికీని ఏఅగ్‌థ్యురెల్ (కంటిరంధ్రం) అన్నారు, ఏఅగ్‌దురు (కంటితలుపు) అనీ అన్నారు. అంతకన్నా పాతదైన గోతిక్ భాషలో ఔగదౌరో అనే మాట ఉంది. దానికీ కంటితలుపనే అర్థం. అంటే ఆ భాషల కుటుంబమంతటా (దాన్ని జర్మానిక్ అంటారు) కిటికీని కంటితో పోల్చే అలవాటు ముందే ఉంది. వైకింగుల భాష దానికి గాలిని చేర్చింది.

థ్యురెల్ అంటే రంధ్రం. అది ఇంగ్లీషులో పూర్తిగా చావలేదు, నాస్ట్రిల్ అనే మాటలో దాక్కుని ఉంది. ముక్కు + రంధ్రం కలిసి నాస్ట్రిల్. థ్రిల్ కూడా ఆ ఇంటి మాటే. మొదట్లో దాని అర్థం గుచ్చడం, దూసుకుపోవడం. మనసులోకి గుచ్చుకునే పులకింత అనే అర్థం తర్వాత వచ్చింది.

ఇక వైకింగుల సంగతి. 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో వాళ్ల రాక మొదలైంది. 865లో పెద్ద సైన్యం దిగింది. ఆ తర్వాత ఉత్తర, తూర్పు ఇంగ్లండ్‌లో వేలమంది స్థిరపడి వ్యవసాయం చేశారు, అక్కడివారితో పెళ్లిళ్లు చేసుకున్నారు. 1016 నుంచి 1035 దాకా డేన్ రాజు క్నూట్ ఇంగ్లండ్‌ను ఏలాడు. రెండు భాషలూ దగ్గరి చుట్టాలు కాబట్టి కొంత కష్టపడితే ఒకరి మాట ఒకరికి తెలిసేది. అందుకే అరువు వచ్చినవి రాజసభ మాటలు కావు, ఇంటి మాటలు: ఎగ్, నైఫ్, స్కిన్, లెగ్, స్కై, హస్బెండ్. చివరికి ‘దే’ అనే సర్వనామం కూడా. ఒక భాష తన సర్వనామాన్ని మార్చుకోవడం అరుదు. ఆ రెండు జనాలు ఎంతగా కలిసిపోయారో దీన్నిబట్టే ఊహించవచ్చు.

హస్బెండ్ కూడా విండో లాంటి సమాసమే. హూస్ (ఇల్లు) + బోండి (ఇల్లూ పొలమూ ఉన్నవాడు). మొదట ‘ఇంటి యజమాని’, తర్వాత ‘భర్త’.

విండో వచ్చిన వెంటనే పాత మాటలు పోయాయా?

లేదు. విండో రాతల్లో కనిపించేది 13వ శతాబ్దం నుంచి. అప్పటికి, 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలవడం వల్ల ఫ్రెంచి మాట ఫెనెస్ట్ర్ కూడా వచ్చి చేరింది. ఇది లాటిన్ ఫెనెస్ట్రా సంతానం. సొంత మాట, వైకింగు మాట, ఫ్రెంచి మాట మూడూ కొంతకాలం పక్కపక్కనే బతికాయి. కంటిరంధ్రం ముందు వెనకబడింది. ఫ్రెంచి మాట ఫెనెస్టర్ అనే ఇంగ్లీషు రూపంలో 16వ శతాబ్దం దాకా నిలిచి జారిపోయింది.

ఇలా రెండేసి మాటలు నడిచిన కాలంలో జనం పడ్డ తికమకను ఇంగ్లండ్ తొలి అచ్చు ముద్రాపకుడు విలియం కాక్స్‌టన్ 1490లో రాసిపెట్టాడు. ఒక వర్తకుడు ఒకావిడను ‘ఎగ్గెస్’ అడిగితే, తనకు ఫ్రెంచి రాదని ఆవిడ చెప్పిందట. ఆవిడకు తెలిసిన మాట ‘ఐరెన్’. రెండూ గుడ్లే. ఒకటి నార్స్ మాట, ఒకటి సొంత మాట.

ఫెనెస్ట్రా వంశం ఇంగ్లీషులో ఇప్పుడు ముఖ్యంగా డిఫెనెస్ట్రేషన్ అనే మాటలో కనిపిస్తుంది. కిటికీలోంచి బయటికి విసిరేయడం అని అర్థం. 1618 మే 23న ప్రాగ్ కోటలో రాజప్రతినిధులను అలా విసిరేయడం ముప్పై ఏళ్ల యుద్ధానికి నాంది అయింది.

విండౌగ కాస్తా విండో ఎలా అయింది?

ఇక్కడ మూడు మార్పులున్నాయి. ఈ మాట చరిత్రలో మా దృష్టిలో అందమైన భాగం ఇదే.

మొదటిది, ‘ఔ’ అనే సంయుక్త అచ్చు ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘ఓ’గా కుదించుకుపోయింది. విండోగె అనే రూపం ఏర్పడింది. రెండోది, అచ్చుల మధ్య ఉన్న ‘గ’ గట్టిదనం పోయి గొంతులో రాసుకునే ధ్వనిగా, ఆపైన ‘వ’గా మారింది: విండోవె. మూడోది, చివరి అచ్చు రాలిపోయింది. మిగిలింది విండో.

రెండో మార్పు ఈ ఒక్క మాటకే జరిగి ఉంటే అనుమానించాలి. కానీ వరసగా జరిగింది. పాత ఇంగ్లీషు బోగ (విల్లు) నేటి బో. నార్స్ ఫేలగి నేటి ఫెలో. గల్గ గ్యాలోస్ (ఉరికంబం) అయింది, ఫోల్గియన్ ఫాలో అయింది. స్పెల్లింగు చివర కనిపించే డబ్ల్యూ ఆ చచ్చిపోయిన ‘గ’కు గుర్తు.

తెలుగువారికి ఈ మార్పు వింతేమీ కాదు. పగలుకు పవలు అనే రూపం ఉంది, పగడానికి పవడం ఉంది. రేయింబవళ్లు అన్నప్పుడు మనం పలికేది ఆ పవలునే. అచ్చుల మధ్య ‘గ’ మెత్తబడి ‘వ’ కావడం రెండు భాషల్లోనూ ఎవరికి వారుగా జరిగింది. నోటి కండరాలు ఒకటే కదా.

ఇంకో చిన్న సంగతి. నేటి నార్వే, డెన్మార్క్ భాషల్లో ఈ మాట మొదటి ధ్వనిని పైపళ్లు కిందిపెదవికి తాకించి పలుకుతారు. ఇంగ్లీషులో రెండు పెదవులూ గుండ్రంగా చుట్టి పలుకుతారు. పాతది ఇంగ్లీషు పద్ధతే. వైకింగుల కాలంలో వాళ్లూ అలాగే పలికేవారు. వాళ్ల సొంతదేశంలో మారిపోయిన ఉచ్చారణ అరువు తీసుకున్నచోట నిలిచింది. తెలుగు లిపిలో రెంటికీ ‘వ’ ఒకటే కాబట్టి రాతలో ఈ తేడా కనిపించదు.

మిగతా యూరప్ భాషల్లో కిటికీని ఏమంటారు?

విండౌగ సొంత పిల్లలు: డేనిష్ విండూ, నార్వే భాషలో విందు, ఫారో దీవుల్లో విందేయ. వైకింగులు ఐర్లండ్‌లోనూ ఊళ్లు కట్టారు కాబట్టి ఐరిష్ ఫిన్యోగ్ కూడా ఈ మాట నుంచే వచ్చింది.

జర్మన్ ఫెన్‌స్టర్, స్వీడిష్ ఫోన్‌స్టర్, వెల్ష్ ఫెనెస్టర్, ఫ్రెంచి ఫెనెత్ర్ ఇవన్నీ లాటిన్ ఫెనెస్ట్రా నుంచి వచ్చినవి. రాతి కట్టడమూ గాజు పలకలూ రోమన్ల పద్ధతి. ఆ పద్ధతి వెళ్లినచోటికి మాట కూడా వెళ్లింది. ఇంగ్లండ్ మాత్రం గాజు వచ్చాక కూడా గాలిరంధ్రం పేరునే ఉంచుకుంది. రోమన్లు వెళ్లిపోయాక అక్కడ గాజు పని తెలిసినవారు కరవయ్యారు. 674లో మంక్‌వేర్‌మత్ మఠాన్ని కట్టించిన బెనెడిక్ట్ బిస్కప్ గాజు పనివాళ్లను గాల్ దేశం (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) నుంచి రప్పించాల్సి వచ్చింది.

రష్యన్‌లో ఓక్నో. ‘ఓకో’ అంటే కన్ను. ఫిన్నిష్ ఇక్కున ఈ స్లావిక్ మాటకు అరువు. స్పానిష్ వెంతానలో ఉన్నది గాలి. పోర్చుగీసు జనేల మాత్రం లాటిన్‌లో తలుపుకున్న పేరు నుంచి పుట్టింది, ‘చిన్న తలుపు’ అని. అదే పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చి తమిళంలో జన్నల్, మలయాళంలో జనల్, బెంగాలీలో జానాలా అయింది.

కన్ను, గాలి, తలుపు. ఇన్ని భాషలు తిరిగినా ఈ మూడు ఊహలే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

సంస్కృతంలో గవాక్షం అన్నా కన్నే కదా. విండో దాని నుంచే వచ్చిందా?

ఈ ప్రశ్న అన్నిటికన్నా ఎక్కువగా వస్తుంది. జవాబులో మూడు వేరువేరు విషయాలున్నాయి. వాటిని కలిపేస్తేనే పొరపాటు జరుగుతుంది.

మొదట, విండో గవాక్షం నుంచి రాలేదు. గో + అక్షి కలిసి గవాక్షం, అంటే ఎద్దుకన్ను. విండౌగలో ఎద్దు లేదు. రెండు సమాసాలూ దేనికది పుట్టాయి.

రెండోది, వాటిలోని ‘కన్ను’ ముక్కలు మాత్రం నిజంగా చుట్టాలు. సంస్కృతం అక్షి, లాటిన్ ఓకులుస్, రష్యన్ ఓకో, నార్స్ ఔగ, ఇంగ్లీషు ఐ అన్నీ ఒకే ఇండో-యూరోపియన్ (సంస్కృతమూ చాలా యూరప్ భాషలూ ఉన్న పెద్ద కుటుంబం) ధాతువు నుంచి వచ్చాయి. జర్మానిక్ రూపంలో ‘ఔ’ ఎక్కడిదని అడగవచ్చు. చెవికి ఆ భాషల పూర్వరూపం ఔసో. కన్ను, చెవి జంటగా పలికే మాటలు కాబట్టి చెవిలోని ‘ఔ’ కంటికి అంటుకుందని భాషాశాస్త్రజ్ఞుల వివరణ. తెలుగులో వాడుకలో ఉన్న సాక్షి (కళ్లతో చూసినవాడు), ప్రత్యక్షం (కళ్లెదుట), అధ్యక్షుడు (పైన ఉండి చూసేవాడు), మీనాక్షి ఇవన్నీ ఆ అక్షి కుటుంబమే. అంటే విండోలో మిగిలిన ఆ చివరి ‘ఓ’కూ మన సాక్షికీ రక్తసంబంధం ఉంది.

‘గాలి’ ముక్కకూ అలాంటి చుట్టరికమే. సంస్కృతం వాత, లాటిన్ వెంటుస్, వెల్ష్ గ్వింట్, ఇంగ్లీషు విండ్ ఒకే ఇంటివి. వాతలో నకారం లేదేమని సందేహం వస్తుంది. సంస్కృతంలో అలాంటి చోట నకారం అచ్చుగా మారి కలిసిపోయింది. లాటిన్ కెంటుమ్, ఇంగ్లీషు హండ్రెడ్‌లకు ఎదురుగా సంస్కృతంలో శతం ఉన్నట్టే ఇదీ. మనం రోజూ అనే వాతావరణం, వాతం నొప్పులు ఈ ఇంటి మాటలు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న వెంటిలేటర్‌లోనూ వెంటుస్ ఉంది. కాబట్టి మన ఇళ్లలో కిటికీ పైన ఉండే వెంటిలేటర్, విండో అక్కాచెల్లెళ్లే.

మూడోది, చుట్టరికం లేకుండా కేవలం ఊహ కలిసిన సందర్భాలు. ఫ్రాన్స్‌లో గుండ్రటి చిన్న కిటికీని ఓయ్-ద-బఫ్ అంటారు, అంటే ఎద్దుకన్ను, అక్షరాలా గవాక్షం. ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్న పేరు కాదు. గుండ్రటి రంధ్రం చూసిన ఇద్దరికీ ఎద్దుకన్నే గుర్తొచ్చింది.

మన శిల్పశాస్త్ర పరిభాషలో గవాక్షం అంటే గుర్రపునాడా ఆకారపు తోరణం. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచిన గుండ్రటి చైత్యగృహం (బౌద్ధుల పూజామందిరం) ముఖద్వారం మీద ఈ తోరణం కనిపిస్తుంది. కొయ్య కట్టడాన్ని రాతిలో దించిన పని అది.

తెలుగు ‘కిటికీ’కి ఇందులో చోటుందా?

విండోతో ఏ సంబంధమూ లేదు. కిటికీ హిందీ ఖిడ్‌కీ, మరాఠీ ఖిడకీ, కన్నడ కిటకిల జట్టు. ఉత్తరాది భాషల నుంచి మనకొచ్చింది. నిఘంటువుల్లో గవాక్షంతో పాటు వాతాయనం కూడా దొరుకుతుంది: వాత + అయనం, గాలి దారి.

దీనికి సరిజోడైన ద్రావిడ మాట పాత తమిళంలో ఉంది. కాల్ (గాలి) + అదర్ (దారి) = కాలదర్. ఆ కాల్ మన గాలికి తోబుట్టువు. శిలప్పదికారం కావ్యంలో పుహార్ పట్టణపు మేడలను వర్ణిస్తూ ‘మాన్‌కణ్ కాలదర్’ అంటాడు కవి, జింక కన్నుల్లాంటి గాలిదారులు అని. నార్వే పల్లెలోని గాలికన్నులో ఉన్న రెండు ఊహలూ కావేరీ తీరంలో ఒకే పదబంధంలో దొరికాయి.

ఇంగ్లీషు ‘గేల్’ (పెనుగాలి) మన గాలే కదా? ‘ఐ’కీ ‘కన్ను’కూ సంబంధం ఉందా?

రెండూ కాదు. తెలుగు ద్రావిడ భాష. గాలి, కన్ను ద్రావిడ మాటలు. గేల్ ఇంగ్లీషులో 16వ శతాబ్దంలో గాని కనబడదు, గాలి అప్పటికి వందల ఏళ్లుగా మనకుంది. రెంటినీ కలిపే మధ్యరూపం ఏదీ లేదు. ధ్వని పోలిక ఒక్కటే సాక్ష్యమైతే అది సాక్ష్యం కాదు.

విండోకూ విడోకూ?

సంబంధం లేదు. విడో ఇండో-యూరోపియన్ మాట, దానికి సంస్కృత చుట్టం విధవ.

విండో అంటే విండ్ + డోర్ అని చదివాను. నిజమా?

కాదు. కానీ ఈ పొరపాటు పాతదే. 16, 17 శతాబ్దాల్లో కొందరు విండోర్ అనే స్పెల్లింగు కూడా వాడారు. మాటలోని రెండో ముక్క అర్థం కాకపోయేసరికి జనం తమకు తెలిసిన తలుపును అక్కడ అమర్చుకున్నారు. దీన్ని జనవ్యుత్పత్తి అంటారు. 13వ శతాబ్దపు రూపాల్లో ‘గ’ ఉంది, ‘ర’ లేదు. ఆ ఒక్క ఆధారం చాలు.

ఇలాంటి మాట వంశాన్ని నేనే వెతకాలంటే ఎలా?

ముందు దొరికినంతలో పాత స్పెల్లింగు పట్టుకోండి. ఇంగ్లీషుకు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ప్రతి మాటకూ కాలక్రమంలో ఉదాహరణలిస్తుంది. తెలుగు మాటకైతే ఆంధ్రభారతి సైటులో బ్రౌణ్యం, శబ్దరత్నాకరం నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు. నేటి రూపాన్ని విరిచి ఊహించడమే ఎక్కువమంది చేసే తప్పు. విండోర్ అలాగే పుట్టింది.

తర్వాత ప్రతి ధ్వనిమార్పుకూ అదే భాషలో కనీసం రెండు మూడు తోడు ఉదాహరణలు చూడండి. ‘గ’ పోయిందంటే ఇంకెక్కడ పోయింది? తోడు దొరక్కపోతే ఆగిపోవాలి. ఆపైన సోదరభాషల్లో పోల్చండి. డేనిష్, ఫారో రూపాల్లో ‘గాలి’ ముక్క చెక్కుచెదరకుండా ఉండటమే విండౌగకు గట్టి బలం. చివరగా కాలం, చోటు కలుస్తున్నాయా చూడాలి. నార్స్ మాట్లాడేవారు ఇంగ్లండ్‌లో కాపురం ఉన్నారు కాబట్టి అరువు సాధ్యమైంది. సంస్కృతం నుంచి ఇంగ్లండ్‌కు 13వ శతాబ్దంలో కిటికీ మాట వెళ్లే దారి లేదు.

నిఘంటువులో మాట ముందు చుక్కగుర్తు (*) ఉంటే అది రాతల్లో దొరికిన రూపం కాదు, పోల్చి పునర్నిర్మించిన రూపమని అర్థం. దాన్ని ‘ఫలానా గ్రంథంలో ఉంది’ అని చెప్పేవాళ్లు కనిపిస్తే నమ్మకండి.

కన్ను దాగి ఉన్న ఇంగ్లీషు మాటలు ఇంకేమైనా ఉన్నాయా?

డైసీ. పాత ఇంగ్లీషులో డేజెస్ ఏఅగె, ‘పగటి కన్ను’. ఆ పువ్వు పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది.

తెలుగు సమాసం ఏదైనా ఇలా ఇంగ్లీషులోకి వెళ్లి గుర్తుపట్టకుండా మారిందా?

వెళ్లింది. పందికొక్కు. ఇంగ్లీషులో బ్యాండికూట్. పంది, కొక్కు రెండూ మనకు స్పష్టం. ఇంగ్లీషువారికి అదొక విడదీయరాని ముద్ద. పైగా ఆస్ట్రేలియాలో ముక్కు పొడవుగా ఉండే ఒక సంచి జంతువుకు కూడా ఈ పేరే పెట్టారు. దానికీ మన పందికొక్కుకూ జాతి సంబంధం లేదు. తమిళ కట్టుమరం క్యాటమరాన్ అయిన తీరూ ఇదే.

కంప్యూటర్‌లో ‘విండో’ ఎప్పటి నుంచి?

తెర మీద దీర్ఘచతురస్రపు గడుల్లో వేరువేరు పనులు చూపించడం 1970లలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రూపుదిద్దుకుంది. మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి కూర్పు 1985 నవంబరులో వచ్చింది. ఇక్కడ గాలి పూర్తిగా పోయి చూపు మిగిలింది. పొగ పోయే రంధ్రంగా మొదలైన మాటలో కన్నుకు చూసే పని చివరికి ఇక్కడ దొరికింది.

తెలుగులో ఈ మాటకు ఇంకో దారి కూడా ఉంది. మన పల్లెల్లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాన్ని ‘సింగిల్ విండో’ అంటారు. అప్పు, ఎరువులు, విత్తనాలు ఒక్క కౌంటరులోనే దొరకాలన్న ఉద్దేశంతో వచ్చిన పేరు. సింగిల్ విండో చైర్మన్ ఎన్నికల గురించి మాట్లాడుకునే రైతుల నోట వినిపించేది వైకింగుల గాలికన్నే.